కారణం వేరు, నేరం వేరు

సెప్టెంబరు నెల సమీపించగానే తెలంగాణలో ఒక పాత వివాదం మళ్లీ తలెత్తుతుంది. 1948 సెప్టెంబరు 17ను ఏ పేరుతో పిలవాలి? కేంద్ర ప్రభుత్వం 2022 నుంచి ఆ రోజును 'హైదరాబాద్ విమోచన దినం'గా జరుపుతోంది. 2024 మార్చిలో ఆ పేరును గెజిట్‌లోనూ ప్రకటించింది. అదే 2022లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం 'తెలంగాణ జాతీయ సమైక్యతా దినం' అన్నది. 2024లో తర్వాతి ప్రభుత్వం దానిని 'ప్రజాపాలన దినోత్సవం'గా మార్చింది. వామపక్షాలు తమ పద్ధతిలో సాయుధ పోరాట వారోత్సవాలు నిర్వహిస్తాయి. ఒక్క రోజుకు ఇన్ని పేర్లు ఉండటం విచిత్రంగా తోచవచ్చు. అయితే ప్రతి పేరులోనూ ఒక ప్రశ్నకు సమాధానం ఇమిడి ఉంది. హైదరాబాదు రాజ్యం ఎందుకు కూలింది, అంత రక్తపాతం ఎందుకు జరిగింది అన్నదే ఆ ప్రశ్న.

ఈ ప్రశ్నకు చరిత్రకారులు ఒక్క సమాధానం ఇవ్వలేదు. ఇవ్వనవసరమూ లేదు. మమ్మల్ని కలవరపెడుతున్నది చరిత్రకారుల భిన్నాభిప్రాయం కాదు. ఆ అభిప్రాయాలలో ఒకదానిని మాత్రమే వేదికలకెక్కించి, ఒక రాజు, ఒక పార్టీ, ఒక సాయుధ దళం చేసిన పనులకు ఒక సమాజం మొత్తాన్ని ఏటేటా బోనులో నిలబెడుతున్న తీరు మమ్మల్ని కలవరపెడుతోంది. 1948 తర్వాత పుట్టిన మూడో తరం, నాలుగో తరం ముస్లిం విద్యార్థి తరగతి గదిలో తానెన్నడూ చూడని రజాకార్ల తరఫున సంజాయిషీ చెప్పుకోవలసి రావడం ఏ చరిత్ర శాస్త్రానికీ సమ్మతం కాదు.

ఒక వరద, ఒక జలాశయం

కారణాన్ని వెదకడం ఎలాగో తెలియాలంటే దూరం పోనక్కరలేదు. శంషాబాద్ విమానాశ్రయం వైపు ఔటర్ రింగ్ రోడ్డు మీద వెళ్లేవారికి కనిపించే హిమాయత్ సాగర్ చరిత్ర చాలు. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి హైదరాబాదు నగరంలో వేలాది ప్రాణాలను బలిగొన్నది. నదీమతల్లి ఆగ్రహించిందని జనం అనుకున్నారు. కనీవినీ ఎరుగని వర్షమే కారణమని ఇంకొందరు అన్నారు. మరుసటి ఏడాది పిలుపునందుకుని వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య వర్షంతో ఆగిపోలేదు. నగరానికి ఎగువన ఎన్ని చెరువులున్నాయి, వాటిలో ఎన్ని తెగాయి, ఏ నీరు ఎటు నుంచి వచ్చింది అని లెక్క తీశారు. ఏడు వందలకు పైగా ఉన్న చెరువులలో రెండు వందలకు పైగా తెగి, ఒకదాని నీరు మరొకదానిని తెంచుకుంటూ నగరం మీద పడినట్లు తేలింది. వర్షం తక్షణ కారణం. చెరువుల వరుస, నదిని నిలువరించే ఏర్పాటు లేకపోవడం లోతైన కారణాలు. ఆ విచారణ ఫలితంగానే మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లోనూ, దాని ఉపనది ఈసా మీద హిమాయత్ సాగర్ 1927లోనూ పూర్తయ్యాయి. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పెద్ద కుమారుడు హిమాయత్ అలీ ఖాన్ పేరు ఈ రెండవ జలాశయానికి పెట్టారు.

ఆ 1927లోనే మరో సంఘటన జరిగింది. మజ్లిసె ఇత్తెహాదుల్ ముస్లిమీన్ ఆవిర్భవించింది. మూడేళ్లకు, 1930లో, జోగిపేటలో ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం జరిగింది. 1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్ ఏర్పడుతుండగానే నిషేధానికి గురైంది. నగరానికి తాగునీరిచ్చి వరదను ఆపిన రాజ్యం తన ప్రజల రాజకీయ ఆకాంక్షకు మాత్రం దారి ఏర్పరచలేదు. హిమాయత్ సాగర్ చుట్టూ ఉన్న అత్రాఫె బల్దా జిల్లాయే నిజాం సొంత ఆస్తి, అంటే సర్ఫేఖాస్. రాజ్యంలోని మొత్తం భూమిలో సుమారు పదో వంతు సర్ఫేఖాస్ కాగా, దాదాపు మూడు పదుల వంతు జాగీర్ల కింద ఉండేది. మిగిలిన దివానీ భూములలోనూ అనేక చోట్ల దేశ్‌ముఖులదే రాజ్యం. నిజాం పాలనను కేవలం ఆనకట్టలతో కొలిచేవారికీ, కేవలం వెట్టిచాకిరీతో కొలిచేవారికీ సగం చరిత్రే కనిపిస్తుంది.

ఒక పతనం, నాలుగు వివరణలు

1948 గురించి వచ్చిన రచనలను స్థూలంగా నాలుగు వరుసలుగా చూడవచ్చు.

మొదటిది భారత ప్రభుత్వం తరఫున బాధ్యతలు నిర్వహించినవారి వివరణ. సంస్థానాల విలీనం గురించి వి.పి.మీనన్ 1956లోనూ, హైదరాబాదులో భారత ప్రభుత్వ ఏజెంట్ జనరల్‌గా ఉన్న కె.ఎం.మున్షీ 1957లోనూ పుస్తకాలు ప్రచురించారు. స్వతంత్ర రాజ్యం కావాలన్న నిజాం ఆశ, కాసిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్ల దౌర్జన్యం, యథాతథ ఒప్పందం సక్రమంగా అమలు కాకపోవడం వల్ల సైనిక చర్య తప్పలేదన్నది ఈ వాదన సారం.

రెండవది ఓడిన ప్రభుత్వపు వివరణ. చివరి ప్రధానమంత్రి మీర్ లాయఖ్ అలీ 1962లో రాసిన గ్రంథంలో ఆర్థిక దిగ్బంధనాన్నీ, ముందే సిద్ధం చేసుకున్న సైనిక పథకాన్నీ ప్రధాన కారణాలుగా చూపారు.

మూడవది వామపక్షాల వివరణ. పుచ్చలపల్లి సుందరయ్య 1972లోనూ, రావి నారాయణరెడ్డి 1973లోనూ తెలంగాణ పోరాటాన్ని గ్రంథస్థం చేశారు. భూమి, వెట్టి, దొరల దౌర్జన్యం అన్నవే వీరి దృష్టిలో మూల కారణాలు. అయితే సైన్యం వచ్చాక పోరాటం కొనసాగించడం సరైనదా కాదా అన్న విషయంలో ఈ ఇద్దరు నాయకులకే పొత్తు కుదరలేదు. ఆ పోరాటం 1951 అక్టోబరు వరకు సాగింది.

నాలుగవది ఇటీవలి దశాబ్దాల పరిశోధకుల వివరణ. ఐ.తిరుమలి గ్రామం నుంచి పైకి చూస్తూ దొరల ఆధిపత్యాన్ని విశ్లేషించారు. లూసియన్ బెనిషూ నిరంకుశ పాలన నుంచి విలీనం దాకా సాగిన రాజకీయ పరిణామాన్ని అధ్యయనం చేశారు. ఎ.జి.నూరానీ 2013 నాటి గ్రంథంలో నిజాం, రజ్వీల మూర్ఖత్వాన్నీ, ఢిల్లీ నిర్ణయాలనూ, నెహ్రూ, పటేల్‌ల దృక్పథాలలోని తేడానూ పక్కపక్కన పెట్టి పరిశీలించారు. టేలర్ షెర్మన్ సైనిక చర్య తర్వాతి కాలంలో హైదరాబాదు ముస్లిముల పౌరసత్వం, ఉద్యోగం, ఉనికి ఏమయ్యాయో వివరించారు.

ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ సంపూర్ణం కాదు. ప్రతి ఒక్కటీ మిగిలినవారు చూడనిదేదో చూపుతుంది. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి హిందువు. ఆయన వర్గంతో భూమి కోసం ఏళ్ల తరబడి న్యాయస్థానాలలో పోరాడి, చివరకు హత్యకు గురైన కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ ముస్లిం. 1946 జూలై 4న కడవెండిలో అదే దేశ్‌ముఖ్ మనుషుల తుపాకీకి బలైన దొడ్డి కొమురయ్య హిందువు. ఈ ముగ్గురి సంబంధాన్ని మతం వివరించలేదు. అలాగని అంతా భూమితోనే ముగిసిపోయిందనీ అనలేము. 1947, 48లలో రజాకార్లు మతం పేరిటే జనాన్ని సమీకరించారు. 1948 సెప్టెంబరు తర్వాత జరిగిన ఊచకోతలలో మతాన్ని చూసే మనుషులను ఎంచుకున్నారు. భూమి, మతం, రాజరికం, దేశ విభజన నాటి విద్వేషం కలిసి ఎలా పనిచేశాయో చెప్పడమే చరిత్రకారుడి పని.

ఐరోపా నేర్పిన పాఠం

ఇటువంటి వివాదం మనకు మాత్రమే పరిమితం కాదు. ఆధునిక ఐరోపా చరిత్రలో ఇది ఒక పెద్ద శాస్త్రంగానే పెరిగింది. ఫ్రెంచి విప్లవం జరిగింది 1789లో. పెరుగుతున్న మధ్యతరగతికీ, భూస్వామ్య వ్యవస్థకూ నడుమ సంఘర్షణే దానికి మూలమని జార్జ్ లెఫెవ్ర్, ఆల్బేర్ సొబుల్ వంటివారు వివరించారు. రైతుల భయాలనూ, తిరుగుబాట్లనూ లెఫెవ్ర్ గ్రామ స్థాయి నుంచే పరిశీలించారు. 1950లు, 60లలో బ్రిటిష్ చరిత్రకారుడు ఆల్ఫ్రెడ్ కాబన్ ఈ వివరణను ప్రశ్నించారు. 1978లో ఫ్రాన్స్వా ఫ్యూరే రాజకీయ భావాలకూ, భాషకూ ప్రాధాన్యమిస్తూ కొత్త వివరణ ఇచ్చారు. 1989లో విప్లవ ద్విశతాబ్ది ఉత్సవాల నాటికి కూడా ఫ్రెంచివారు ఏకాభిప్రాయానికి రాలేదు. అందువల్ల ఆ దేశం చెడిపోలేదు.

మొదటి ప్రపంచ యుద్ధం కథ మనకు మరింత దగ్గరిది. 1919 నాటి వెర్సాయ్ ఒప్పందం తన 231వ అధికరణంలో యుద్ధ నష్టాలకు బాధ్యత జర్మనీ మీదా, దాని మిత్రుల మీదా మోపింది. చరిత్రకారులు విచారించి తేల్చవలసిన విషయాన్ని గెలిచినవారు ఒప్పందంలో రాసి, ఓడినవారి చేత సంతకం పెట్టించారు. ఒక ప్రభుత్వపు బాధ్యత ఒక జాతి నెత్తిన అవమానంగా కూర్చున్నది. ఆ అవమానాన్నే పెట్టుబడిగా పెట్టి నాజీలు జనాన్ని రెచ్చగొట్టారు. తమ ఓటమికి యూదులే కారణమని మరో అబద్ధపు కారణాన్ని సృష్టించారు. ఒక సమాజాన్ని మొత్తంగా 'కారణం' అని పిలిస్తే ఆ పిలుపు ఎక్కడికి దారి తీస్తుందో ప్రపంచం కళ్లారా చూసింది.

ఆ తర్వాత జరిగింది కూడా గమనించదగినదే. 1961లో హాంబర్గ్ విశ్వవిద్యాలయ చరిత్రకారుడు ఫ్రిట్జ్ ఫిషర్ జర్మన్ ప్రభుత్వ పత్రాలనే తవ్వి తీసి, 1914లో తమ పాలకుల విస్తరణ కాంక్షకు ప్రధాన బాధ్యత ఉందని రాశారు. పశ్చిమ జర్మనీలో దుమారం రేగింది. 1964లో ఆయన అమెరికా ఉపన్యాస యాత్రకు ప్రభుత్వం ఇవ్వవలసిన డబ్బును ఆపివేసింది. అయినా ఆయన వెళ్లారు, వాదన సాగింది. 2012లో క్రిస్టఫర్ క్లార్క్ బాధ్యతను ఒక్క బెర్లిన్‌కే పరిమితం చేయకుండా ఐరోపా రాజధానులన్నింటికీ పంచారు. వాదన నేటికీ ముగియలేదు. కానీ ఏ పక్షం చరిత్రకారుడూ యుద్ధంలో మరణించిన సైనికుల సమాధులు లేవని అనలేదు. కారణాల మీద ఎంత వివాదమున్నా మృతుల లెక్క మీద ప్రభుత్వ దస్తావేజులు తెరిచి ఉన్నాయి.

వివాదం ఆగవలసిన చోటు

మన విషయంలో సరిగ్గా ఇందుకు విరుద్ధంగా జరిగింది. కారణాల మీద వేదికలెక్కి ఒకే మాట మాట్లాడుతున్నాం. మృతుల లెక్క మీద మౌనం పాటిస్తున్నాం.

'పోలీసు చర్య' అని పిలిచిన ఆ సైనిక దండయాత్ర 1948 సెప్టెంబరు 13న ఆరంభమై అయిదు రోజులలో ముగిసింది. ఆ తర్వాత జరిగిన హింస గురించి వార్తలు రాగా ప్రధాని నెహ్రూ ఒక సౌహార్ద బృందాన్ని పంపారు. పండిట్ సుందర్‌లాల్ దానికి నాయకుడు. హైదరాబాదులో 'పయామ్' పత్రికను స్థాపించిన ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ సభ్యులు. నవంబరు 29 నుంచి డిసెంబరు 21 వరకు వారు రాష్ట్రంలో పర్యటించారు. 16 జిల్లాలలో తొమ్మిదింటిని చూశారు. తాము వెళ్లలేకపోయిన వంద పైచిలుకు గ్రామాల ప్రజలను కూడా విచారించారు. సైనిక చర్య కాలంలోనూ, తదనంతరమూ కనీసం 27,000 నుంచి 40,000 మంది ప్రాణాలు కోల్పోయారని అంచనా వేశారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నింటికంటే ఎక్కువగా దెబ్బతిన్నాయి. మన నల్గొండ, మెదక్ జిల్లాలు ఆ తర్వాతి వరుసలో ఉన్నాయి. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు కూడా దోపిడీలోనూ ఇతర నేరాలలోనూ పాలుపంచుకున్నారని నివేదిక పేర్కొన్నది.

ఆ నివేదికను ప్రభుత్వం ప్రచురించలేదు. ఆ బృందానికి ఉన్న అధికారాన్నే పటేల్ ప్రశ్నించారు. దశాబ్దాల పాటు అది పరిశోధకుల చేతుల్లో చాటుమాటుగా తిరిగి, చివరకు నూరానీ గ్రంథంలో అనుబంధంగా అందరికీ అందింది. ఈ అంచనా ఎక్కువని వాదించేవారు ఉండవచ్చు. అలా వాదించేవారు ముందుగా దానిని చదవాలి, తమ వద్ద ఉన్న ఆధారాలను బయట పెట్టాలి.

నివేదికలోని మరొక అంశాన్ని ఇరుపక్షాలూ మరచిపోతున్నాయి. అనేక చోట్ల హిందువులు తమ ముస్లిం పొరుగువారిని ప్రాణాలకు తెగించి కాపాడారని ఆ బృందం నమోదు చేసింది. హిందూ చేనేత కార్మికులు తోటి ముస్లిం చేనేత కార్మికులకు అడ్డుగా నిలిచి, కొన్నిచోట్ల తాము ప్రాణాలు కోల్పోయిన సంగతిని ప్రత్యేకంగా ప్రస్తావించింది. సెప్టెంబరు 17న ఏ వేదిక మీదనైనా ఆ నేత కార్మికులకు నివాళి అర్పించడం మేము చూడలేదు. ఏ పేరుతో జరిపినా ఆ రోజున స్మరించదగినవారిలో వారు ముందుంటారు.

మన ఇంటి లెక్క

న్యాయం కోరేవారు న్యాయంగా మాట్లాడాలి. తెచ్చిన వార్తను విచారించి నిర్ధారించుకొమ్మని, తనకూ తన వారికీ వ్యతిరేకమైనా సరే సత్యం వైపు సాక్ష్యమివ్వమని దివ్యఖుర్ఆన్ మనకు బోధిస్తుంది. రాజ్యాలు ఎందుకు పుడతాయి, ఎందుకు పతనమవుతాయి అన్న విషయాన్ని ఒక శాస్త్రంగా మొదట ఆలోచించినవారిలో 14వ శతాబ్దపు ఇబ్న్ ఖల్దూన్ అగ్రగణ్యుడు. పక్షపాతంతో, పాలకుల మెప్పు కోసం విన్నదల్లా రాసే చరిత్రకారులను ఆయన తన 'ముఖద్దిమా'లో నిష్కర్షగా విమర్శించారు. ఆ విమర్శ మన ఇంటి గోడల లోపల కూడా వర్తిస్తుంది.

కాబట్టి రజాకార్ల దౌర్జన్యాలను కప్పిపుచ్చే రచనలు మనకు వద్దు. పరకాలలో, బైరాన్‌పల్లిలో ప్రాణాలు పోగొట్టుకున్న గ్రామీణుల దుఃఖం కల్పన కాదు. సుందర్‌లాల్ బృందం కూడా ఆ దౌర్జన్యాలను దాచలేదు. రజాకార్లకు బలమైన స్థావరాలుగా ఉన్న జిల్లాలే తర్వాత తీవ్రంగా నష్టపోయాయని గుర్తించింది. ఆయుధం పట్టినవారు ఎప్పుడో వెళ్లిపోయారు. వారి పాపాన్ని వారి పేరు పంచుకున్న నిరాయుధులు మోశారు.

అదే సమయంలో రజాకార్లకు ఎదురు నిలిచిన ముస్లిములనూ చరిత్రలో చేర్చాలి. 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్ రజాకార్ల వైఖరిని ఖండిస్తూ, భారత యూనియన్‌లో విలీనాన్ని సమర్థిస్తూ రాసినందుకు 1948 ఆగస్టులో నడివీధిలో హత్యకు గురయ్యారు. కవి మఖ్దూం మొహియుద్దీన్ నిజాం పాలనకు వ్యతిరేకంగా కమ్యూనిస్టు ఉద్యమాన్ని నిర్మించినవారిలో ఒకరు. రాజ్య జనాభాలో ముస్లిములు సుమారు ఎనిమిదో వంతు. వారిలో జాగీర్దారులు పిడికెడు మంది. మిగిలినవారు చిరుద్యోగులు, చేతివృత్తులవారు, కూలీలు, చిన్న రైతులు.

పతనం తర్వాత ఎవరికి ఏం జరిగిందో చూస్తే ఈ తేడా మరింత స్పష్టమవుతుంది. నిజాం 1950 జనవరి 26 నుంచి అదే రాష్ట్రానికి రాజప్రముఖ్ అయ్యారు. 1949లో సర్ఫేఖాస్ భూములు రాష్ట్రంలో కలిసినందుకు పరిహారం పొందారు. లాయఖ్ అలీ నిర్బంధం నుంచి తప్పించుకుని పాకిస్తాన్ చేరారు. కాసిం రజ్వీ జైలు శిక్ష ముగించుకుని 1957లో అక్కడికే వెళ్లిపోయారు. నిర్ణయాలు తీసుకున్నవారందరికీ ఒక దారి దొరికింది. ఏ నిర్ణయంలోనూ భాగం లేని బీదర్ కూలీకి, ఉస్మానాబాద్ వితంతువుకు దారి దొరకలేదు. నేటికీ ప్రతి సెప్టెంబరులో సంజాయిషీ చెప్పవలసినది వారి మనవలే అయితే, ఆ ఉత్సవం విమోచనను స్మరిస్తున్నదని ఎలా నమ్మగలం?

మేము కోరేది

ఉత్సవం జరపవద్దని మేము కోరడం లేదు. రాచరికం నుంచి ప్రజలు బయటపడిన రోజు స్మరణీయమైనదే. ఆ రాచరికంలో నలిగిన పేద ముస్లింకు కూడా ఆ సంతోషంలో భాగం ఉంది. మా కోర్కెలు మూడు.

మొదటిది: సుందర్‌లాల్ నివేదికను ప్రభుత్వమే అధికారికంగా తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడ భాషలలో ప్రచురించాలి. దానితో పాటు రజాకార్ల దౌర్జన్యాలకూ, 1948 నుంచి 1951 వరకు తెలంగాణ పల్లెలలో జరిగిన సైనిక చర్యలకూ సంబంధించిన దస్తావేజులను పరిశోధకులకు తెరవాలి. ఒక వర్గం మృతులనే లెక్కించే చరిత్ర మాకు అక్కరలేదు.

రెండవది: పాఠ్యపుస్తకాలు 1948ని ఒకే వాక్యంలో తేల్చివేయకుండా, చరిత్రకారులు దాని కారణాల గురించి ఎందుకు భేదిస్తున్నారో విద్యార్థికి చెప్పాలి. మీనన్ ఏమన్నారు, లాయఖ్ అలీ ఏమన్నారు, సుందరయ్య ఏమన్నారు అని మూడు చిన్న పేరాలు పక్కపక్కన ఉంచితే పదో తరగతి విద్యార్థి తనంతట తానే ఆలోచిస్తాడు. ఫ్రెంచి విప్లవానికి అనేక కారణాలున్నాయని ఏకరువు పెట్టే మన పాఠశాలలు హైదరాబాదు దగ్గరికి వచ్చేసరికి ఒకే కారణంతో సరిపెట్టడం సబబు కాదు.

మూడవది మన సమాజానికి చెందినది. మన వృద్ధుల జ్ఞాపకాలను సేకరించే సమయం మించిపోతోంది. 1948 నాటికి పదేళ్లున్నవారు ఇప్పుడు తొంభైకి చేరువలో ఉన్నారు. ప్రతి మసీదు కమిటీ, ప్రతి విద్యా సంస్థ తమ పరిధిలోని పెద్దల వాఙ్మూలాలను తేదీలతో, ఊళ్ల పేర్లతో నమోదు చేయాలి. అందులో మనకు నచ్చనివి ఉంటే వాటినీ రాయాలి. పొరుగు హిందువు కాపాడిన సంగతి ఉంటే దానిని ముందుగా రాయాలి.

1908 వరద తర్వాత ఈ నగరం తెగిన చెరువుల లెక్క తీసింది, ఆ లెక్క ఆధారంగా ఆనకట్ట కట్టింది. 1948లో పారిన నెత్తురు విషయంలో ఆ లెక్క ఇంకా మిగిలే ఉంది. దానిని పూర్తి చేయకుండా ఏ పేరు పెట్టినా ఆ రోజు అందరిదీ కాజాలదు.